లేస్తే ఫెయిలు

మా తమ్ముడి సంచిలో ముందు సున్నుండల డబ్బా పెట్టాను. దాని మీద తువ్వాలు, తువ్వాలు మీద రెండు జతల బట్టలు, మోకాళ్ళకి నూనె, అజీర్తికి వాము, ఎందుకైనా మంచిదని ఇంకో తువ్వాలు. చివర్న గుడ్డలో చుట్టిన ఇంగువ ముక్క పెట్టబోతుంటే వాడు చూశాడు.

"ఇంగువెందుకక్కయ్యా?"

"మంచు కొండల్లో దొరక్కపోతే చారు ఎలా పెట్టుకుంటావు?"

"మంచు కొండల్లో చారెవరు పెట్టుకుంటారే?"

"అదే మరి. అందుకే పోయినవాళ్ళు తిరిగి రారు" అన్నాను.

మా తమ్ముడు భీమశంకరం ముప్ఫై ఏళ్ళకు పైగా మా ఊరి బస్సు కాంప్లెక్సులో రిజర్వేషను కౌంటరులో కూర్చుని జిల్లా అందరికీ టిక్కెట్లు ఇచ్చాడు. తిరుపతికిచ్చాడు, షిర్డీకిచ్చాడు, బెంగుళూరుకిచ్చాడు. తను మాత్రం రాజమండ్రి వంతెన దాటి అవతలికి వెళ్ళింది రెండు పెళ్ళిళ్ళకే. "ఎక్కడికండీ?" అని పొద్దున్నుంచి రాత్రిదాకా అడిగేవాణ్ణి "మరి తమరెక్కడికి?" అని ఒక్కరూ అడగలేదట. రిటైరయ్యాక ఆ ప్రశ్న తనే వేసుకుని, లడాఖ్ అని తనే జవాబు చెప్పుకుని, మిలిటరీలో పనిచేసి వచ్చిన ఒకాయన దగ్గర పాత మోటారు సైకిలు కొన్నాడు.

దసరా దాటితే అక్కడి కనుమలు మంచుతో మూసుకుపోతాయి. వచ్చే ఏడు చూద్దామంటే, వచ్చే ఏటికి వాడి మోకాళ్ళు రెండూ మార్చాలని డాక్టరు చెప్పేశాడు. మార్చాక కిక్కు కొట్టడం కుదరదన్నాడు. కాబట్టి వెళ్తే ఈ ఏడే వెళ్ళాలి, లేకపోతే లేదు.

వెళ్ళడానికి అడ్డం ఒక్కటే, వాడి వెనక భాగం. ఒకే కుర్చీలో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నవాడికి మొలలు రాక ముత్యాలు వస్తాయా? బండితో వచ్చిన సీటు మీద ద్రాక్షారామం దాకా వెళ్ళి, అక్కడినుంచి నిలబడి నడుపుకుంటూ వచ్చాడు. ఊళ్ళో వాళ్ళు సర్కసేమో అనుకున్నారు. తర్వాత జెల్లు సీటు వేయించాడు. ఎండకి అది కాగి పెనం అయింది. గాలి దిండు తెచ్చాడు. స్పీడుబ్రేకరు దగ్గర అది శబ్దం చేసింది, ముందున్న ఆటోలోంచి ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. కార్ల డ్రైవర్లు వేసుకునే పూసల పట్టీ వేశాడు. ఇంటికొచ్చాక ఒంటి మీద పూసల అచ్చు అలాగే దిగి ఉంది.

సీటు కవర్లు కుట్టే మస్తాన్ అన్నాడు: "బాబాయ్, సీటు మంచిదో కాదో తెలియాలంటే గుర్తు ఒకటే. కూర్చున్నాక సీటు గుర్తొస్తే అది మంచి సీటు కాదు."

అది విని నేను లోపలికి వెళ్ళి నా తలగడ తెచ్చిచ్చాను. నా పెళ్ళికి మా అమ్మ కుట్టించిన బూరుగుదూది తలగడ. ఏటా వేసవిలో ఎండబెట్టి, ఏకించి, మళ్ళీ కుట్టుకుంటూ వస్తున్నది. ఇంత మెత్తటి వస్తువు మా ఇంట్లో మనుషుల్లో కూడా లేదు. వెళ్ళొద్దంటే ఎలాగూ వినడు. కింద మెత్తగా ఉన్నవాడు కాస్త నిమ్మళంగా నడుపుతాడని నా ఆశ. మస్తాన్ కింద కొబ్బరిపీచు పరిచి, పైన స్పాంజి వేసి, ఆ పైన నా దూది కూరి, తోలు తొడిగి ముందు సీటు కుట్టాడు. వెనక సీటు పాతదే ఉంచేశాడు, దూది చాలలేదు కనక.

భీమశంకరం దాని మీద కూర్చుని అటూ ఇటూ కదిలి చూసుకున్నాడు.

"ఏరా, ఎలా ఉంది?"

"కింద ఏమీ లేనట్టుందే అక్కయ్యా."

ఆ సాయంత్రమే సంచి సర్దాను. మర్నాడు బయలుదేరాలి. వాడు దారికని పునుగులు కట్టించుకొచ్చాడు. నేను బడికి వెళ్ళలేదు. పొట్లాల కాయితాలు విప్పి చదువుకుంటూ చదవడం నేర్చుకున్నాను. అందుకని ఇప్పటికీ కాయితం రెండువైపులా చదివేదాకా అందులోది నోట్లో పెట్టను. ఆ పొట్లం కాయితం మీద, నూనె మరకకి కాస్త పక్కగా, కొత్త నియమం అచ్చయి ఉంది. రెండు వందల కిలోమీటర్లు దాటి ద్విచక్ర వాహనం మీద వెళ్ళేవారు తమ ఆసనం సౌఖ్యంగా ఉన్నట్టు ప్రభుత్వం చేత ధ్రువీకరించుకోవాలి. లేకపోతే బండి జప్తు.

ఈ నియమం ఎలా పుట్టిందో తర్వాత తెలిసింది. ఒక చాలా పెద్ద అధికారి రహదారి భద్రత గురించి ప్రజల్ని మేలుకొలపడానికి మోటారు సైకిలు మీద ఊరేగింపుగా వెళ్ళారట. మర్నాటి సమీక్షా సమావేశంలో ఆయన కూర్చోలేక నిలబడ్డారు. ఆయన నిలబడ్డారని ఆయన కిందివారు నిలబడ్డారు. వారు నిలబడ్డారని వారి కిందివారు. పొద్దున మొదలైన సమావేశం దీపాలు పెట్టేవేళకి ముగిసింది. ముగిసేసరికి అందరి కాళ్ళూ ఒకే తీర్మానానికి వచ్చాయి.

నిజం చెప్పాలంటే ఆ కాయితం చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా బయలుదేరుతుంటే నేను తుమ్ముతాను. తుమ్ము రాకపోతే పిల్లిని చూశానంటాను. అపశకునమైంది, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళమంటాను. ఆ కాసేపట్లో మనసు మారదా అని చిన్న ఆశ. నేను తుమ్మినా ఆగకుండా మా ఆయన రేవుకి వెళ్ళారు. గొడుగొక్కటే తిరిగి వచ్చింది. అప్పట్నుంచీ నేను ఒంటిచేత్తో చేసుకొస్తున్న పనిని ప్రభుత్వం ఇన్నాళ్ళకి చేపట్టింది. బయలుదేరేవాళ్ళందరినీ కాసేపు కూర్చోమంటోంది.

"ఒక్కరోజు పనే కదా" అన్నాడు భీమశంకరం. బండి సీటు విప్పి చంకన పెట్టుకున్నాడు. తోడుగా నేనూ వెళ్ళాను.

ఆసన సౌఖ్య ధ్రువీకరణ మండలి కార్యాలయం పాత అతిథి గృహంలో పెట్టారు. లోపలికి వెళ్తే గుమాస్తాలందరూ నిలబడి రాసుకుంటున్నారు. సౌఖ్యాధికారి త్రివిక్రమ ప్రసాద్ గారు బల్లకి ఆనుకుని నిలబడి సంతకాలు పెడుతున్నారు. ఆయన వెనక మంచి కుర్చీ ఉంది. దాని మీద ఫైళ్ళు కూర్చున్నాయి.

"పెద్దావిడండి, కూర్చోవడానికి ఏదైనా..." అన్నాడు తమ్ముడు.

"క్షంతవ్యుణ్ణి మాతా" అన్నారు సౌఖ్యాధికారి. "మండలి పరిధిలోకి ద్విచక్ర ఆసనాలే వస్తాయి. కుర్చీలు రావు. ధ్రువీకరణ లేని ఆసనం మీద సాక్షాత్తూ సౌఖ్యాధికారే కూర్చుంటే ప్రజల్లోకి ఎటువంటి సందేశం వెళ్తుంది?"

"ఏం సందేశం వెళ్తుందండీ?"

"కాళ్ళు నొప్పి పుట్టాయని" అన్నారాయన గంభీరంగా.

ఆ భవనంలో కూర్చునే హక్కు ఒక్కరికే ఉంది. ఆయన ఆసన పరీక్షకులు యాళ్ళ నూకరాజు గారు. ఆయన్ని ఎంచుకున్న పద్ధతి గోడకి అచ్చేసి తగిలించారు. రాష్ట్రమంతటా కొన్ని వేల మందిని కూర్చోబెట్టి, కొలిచి, సగటు తీస్తే ఒక కొలత తేలింది. ఆ కొలత మనిషి కోసం మళ్ళీ రాష్ట్రమంతా వెతికితే, తూనికలూ కొలతల శాఖలో అటెండరుగా పనిచేస్తున్న నూకరాజు గారు దొరికారు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ రోజునుంచి ఆయన నడుము కింది భాగం ప్రభుత్వ ఆస్తి. ఆయన చిక్కకూడదు, ఒళ్ళు చేయకూడదు. ఇడ్లీలు కూడా తూచి పెడతారు.

ఆయనకి ఏభై ఏళ్ళుంటాయి. పెళ్ళి కాలేదు. పాత శాఖలో మనుషులకంటే కుర్చీ ఒకటి తక్కువట. ఆ తక్కువైన కుర్చీ ఎప్పుడూ ఆయనదేనట. బొత్తిగా మాటలు లేని మనిషి. నన్ను చూసి లేవబోయి, డ్యూటీలో లేవకూడదని గుర్తొచ్చి, కూర్చునే దండం పెట్టారు.

మాకంటే ముందు ఒక కుర్రాడి సీటు పరీక్ష జరిగింది. సీటుని ఇనప స్టాండుకి బిగించారు. నూకరాజు గారు ఎక్కి కూర్చున్నారు. సౌఖ్యాధికారి గడియారం తీశారు. కొంతసేపయ్యాక నూకరాజు గారు మొహం చిట్లించారు. ఇంకొంతసేపటికి, "లేవాలనుందండి" అన్నారు.

"ఆసనం అసౌఖ్యం!" అన్నారు సౌఖ్యాధికారి. గుమాస్తా ముద్ర కొట్టాడు.

"అదేంటి సార్" అన్నాడు కుర్రాడు. "నాకు బానే ఉంది కదా. కూర్చునేది నేను కదా!"

"నాయనా, నీ సౌఖ్యం గురించి నువ్వే చెబితే అది స్వప్రయోజనం అవుతుంది. నియమావళి చదువు. పరీక్షకుడు ఆసీనుడైన పిమ్మట, ఎట్టి ప్రలోభమునకు లోనుకాక, లేవవలెనను కోరిక తనంతట తాను వ్యక్తపరచిన ఎడల సదరు ఆసనము అసౌఖ్యము. వ్యక్తపరచని ఎడల సౌఖ్యము. ఇంతకంటే శాస్త్రీయం ఏముంటుంది?"

అప్పటిదాకా ఒక్క సీటూ పాసవలేదని గుమాస్తా మాతో గర్వంగా చెప్పాడు. మండలి ప్రమాణాలు అంత ఉన్నతమైనవి.

మా సీటు బిగించారు. నూకరాజు గారు కూర్చున్నారు.

ఆయన మొహంలో ఏదో మారింది. ముందు భుజాలు దిగాయి. తర్వాత చేతులు ఒళ్ళోకి వచ్చాయి. కళ్ళు సగం మూతపడ్డాయి. పసిపిల్లవాణ్ణి తొట్టెలో వేస్తే మొదట కాస్త కదిలి ఆనక ఊరుకుంటాడే, అలా ఊరుకున్నారు. కుర్రాడి సీటు ఫెయిలవడానికి పట్టినంత సేపు దాటింది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. ఆయన వినలేదు.

"నూకరాజు గారూ, లేవాలనిపిస్తోందా?" అని అడిగారు సౌఖ్యాధికారి.

"లేదండి."

సాయంత్రం అడిగారు.

"లేదండి."

కాపలావాడు తాళాలు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. భీమశంకరం మొహం వెలిగిపోతోంది. "అంటే పాసేనాండీ?"

"తొందరపడకండి. పరీక్ష ముగియనిదే ఫలితం ఎలా ప్రకటిస్తాం?"

"ఎప్పుడు ముగుస్తుందండీ?"

"పరీక్షకులు లేచినప్పుడు."

"లేస్తే?"

"లేస్తే ఫెయిలు" అన్నారు సౌఖ్యాధికారి.

తమ్ముడు నా వంక చూశాడు. నేను నూకరాజు గారి వంక చూశాను. ఆయన ఎటూ చూడటం లేదు.

ఇంటికొచ్చాక సంచి విప్పి సున్నుండలు గాలికి పెట్టాను. పైకి అయ్యో అన్నాను గానీ ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది, తలగడ లేకపోయినా.

మర్నాడు వెళ్తే నూకరాజు గారు అలాగే ఉన్నారు. కార్యాలయంలో పెద్ద చర్చ నడుస్తోంది. ప్రకృతి పిలుపుకి పరీక్షకుడు లేస్తే అది లేవాలనే కోరిక కిందికి వస్తుందా రాదా? రాజధానికి ఫోను చేశారు. మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది. 'ప్రకృతి పిలుపు పరీక్షకుని కోరిక కాదు, ప్రకృతి కోరిక. అయినను ఆ వ్యవధిలో ఆసనము ఖాళీగా ఉండరాదు. ఉండిన ఎడల పరీక్ష భగ్నమైనట్లు భావించబడును.'

"ఎవరైనా కాసేపు కూర్చోవాలి" అన్నారు సౌఖ్యాధికారి అందరి వంకా చూస్తూ. గుమాస్తాలు తలలు దించుకున్నారు. అది వారి ఉద్యోగ విధుల్లో లేదు. ఈలోగా నూకరాజు గారి మొహం ఎర్రబడుతోంది.

"నేను కూర్చుంటాను బాబూ" అన్నాను. "నిలబడి నిలబడి నాకూ కాళ్ళు లాగేస్తున్నాయి."

తమ్ముడూ గుమాస్తా చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. మోటారు సైకిలు సీటు మీద కూర్చోవడం నాకదే మొదలు. కూర్చున్నాక తెలిసింది నూకరాజు గారి సంగతి. నా తలగడే గానీ ఇన్నేళ్ళూ దాని మీద తల పెట్టానే తప్ప బరువంతా పెట్టలేదు. ఒంట్లో ఉన్న దిగులంతా జారి కిందికి దిగి, ఆ దూదిలో ఇంకిపోతున్నట్టుంది. వెళ్ళినవాళ్ళ గురించి కాసేపు ఏమీ అనిపించలేదు.

"మామ్మగారూ" అన్నారు నూకరాజు గారు, తిరిగొచ్చి నిలబడి.

"వచ్చేశారా? అప్పుడే?"

"ఆయ్. చాలాసేపైందండి. ఇక దిగండి."

"ఇంకాస్సేపు."

"మామ్మగారూ, అది నా డ్యూటీ అండి" అన్నారాయన. దిగాను. లేచిన చోటే ఆయన ఎంత గబగబా కూర్చున్నారో!

ఆ తర్వాత సంగతి ఊరంతా తెలిసిపోయింది. రాజధానినుంచి తనిఖీ బృందం వచ్చింది. తనిఖీలో భాగంగా ప్రతి సభ్యుడూ కాసేపు కూర్చుని చూడాలన్నారు. నూకరాజు గారు లేవనన్నారు. బలవంతంగా లేపుదామని ఒకరన్నారు. బలవంతాన లేపితే కోరిక ఉన్నదీ లేనిదీ శాశ్వతంగా తేలకుండా పోతుందని ఇంకొకరన్నారు. నిప్పంటుకుందని కేక వేసి చూశారు. నూకరాజు గారు ఒక కన్ను తెరిచి, "మీరు ముందు ఎళ్ళండి" అన్నారు. బృందం ఆయన కర్తవ్యనిష్ఠని కొనియాడి, ఆయన మెడలో దండ వేసి, వేయకూడదేమో, బరువు పెరుగుతుందేమో అని మళ్ళీ తీసేసింది.

భీమశంకరం ఊరుకోలేదు. ఇంకో సీటు కొని తెచ్చాడు. పరీక్షించడానికి పరీక్షకుడు ఖాళీగా లేరన్నారు. మొదటి సీటు వెనక్కి ఇచ్చేయమన్నాడు. పరీక్షలో ఉన్న వస్తువు ఇవ్వరన్నారు.

"అయ్యా, నాకొక్క ముక్క చెప్పండి" అన్నాడు. "గట్టిగా ఉంటే వెళ్ళొద్దంటారు. మెత్తగా ఉంటే ఇవ్వనంటారు. మధ్యరకంగా ఉంటే?"

"మధ్యరకం కేసులు నిపుణుల సంఘానికి పంపాలి."

"పంపండి."

"సంఘం ఇంతవరకు సమావేశం కాలేదు. సమావేశం కావాలంటే సభ్యులు కూర్చోవాలి. తగిన కుర్చీలు..." అని ఆయన ఫైళ్ళు కూర్చున్న కుర్చీ వైపు బాధగా చూశారు.

ఆషాఢం వెళ్ళింది. శ్రావణం వెళ్ళింది. సున్నుండలు రెండుసార్లు చేశాను, రెండుసార్లూ పంచిపెట్టాను. మొదట్లో నాకు బాగానే ఉండేది. వీధి తలుపు చప్పుడైతే వాడు లోపలికి వస్తున్నాడనే కానీ బయటికి వెళ్తున్నాడని ఉలిక్కిపడనక్కర్లేకపోయింది. తర్వాత్తర్వాత వాడు మాట్లాడటం తగ్గించాడు. పొద్దున్నే సీటు లేని బండిని తుడిచేవాడు. తుడిచాక బస్సు కాంప్లెక్సుకి వెళ్ళి, తన పాత కౌంటరు ఎదుట బెంచీ మీద కూర్చునేవాడు. ఒకరోజు కూరగాయలకని అటు వెళ్తే చూశాను. విశాఖపట్నం బస్సు బయలుదేరుతోంది. కండక్టరు రైట్ అన్నాడు. మా వాడి పెదవులు కూడా రైట్ అన్నాయి. చెయ్యి కొంచెం లేచి, మళ్ళీ మోకాలి మీదికి వచ్చింది.

వెళ్ళి రానివాళ్ళని చూశాను. వెళ్ళకుండానే లేకుండా పోతున్నవాణ్ణి అప్పుడే చూడటం.

వినాయకచవితి ముందు తిన్నగా కార్యాలయానికి వెళ్ళాను. నూకరాజు గారి మీద గొడుగులాంటి పందిరి వేశారు. చుట్టూ తాడు కట్టారు. బడిపిల్లల్ని వరసలో తెచ్చి చూపిస్తున్నారు.

"అయ్యా" అన్నాను సౌఖ్యాధికారితో. "దసరా దాటితే కనుమలు మూసేస్తారు. మా వాడి మోకాళ్ళు వచ్చే ఏటికుండవు. మీరెంతసేపూ ఈ ఇనప ఊచలకి బిగించి కూర్చోబెడితే ఆయన ఎందుకు లేస్తాడు? ఇది ఇంట్లో కూర్చునే పీట కాదు కదా. దారిలో కూర్చునేది. దాని మంచీ చెడ్డా దారిలో కాక పందిట్లో తెలుస్తుందా?"

సౌఖ్యాధికారి చేతిలో కలం ఆగిపోయింది. గుమాస్తాలందరూ రాయడం మానేశారు.

"క్షేత్రస్థాయి పరీక్ష!" అన్నారాయన మెల్లగా, మంత్రం దొరికినట్టు. "మాతా, మీరు శాఖని రక్షించారు."

నేననుకున్నది ఒకటి. రావులపాలెం గోతుల్లో నాలుగు కుదుపులు కుదిపితే ఆయన లేవాలంటాడు. ఫెయిలో, పాసో, ఏదో ఒకటై సీటు చేతికొస్తుంది. కానీ ఉత్తర్వు మరోలా వచ్చింది. 'సదరు ఆసనమును దరఖాస్తుదారు ప్రయాణించదలచిన సంపూర్ణ మార్గమున, సదరు వాహనము మీదనే, సదరు పరీక్షకుని ద్వారా పరీక్షించవలెను. దరఖాస్తుదారు వెనుక ఆసనము మీద సాక్షిగా వెళ్ళవలెను.'

"వెనకాలా?" అన్నాడు భీమశంకరం. "నా బండి మీద నేను వెనకాలా? అదీ ఆ పాత చెక్క మీదా?"

"వెనక ఆసనం మండలి పరిధిలోకి రాదు" అన్నారు సౌఖ్యాధికారి. "దాని మీద మీకు సంపూర్ణ స్వేచ్ఛ ఉంది."

తమ్ముడు నా వైపు తిరిగాడు. "కొండలు వెనక సీటునుంచీ కనపడతాయి కదే అక్కయ్యా" అన్నాడు నాతో. వాడి మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళైందో!

"నూకరాజు గారూ, మీకు నడపడం వచ్చా?" అని అడిగారు.

"పాత శాఖలో లూనా మీద తూనికరాళ్ళు మోసేవాణ్ణండి. వచ్చండి."

నిమజ్జనం మర్నాడు ముహూర్తం. బండిని కార్యాలయానికి తోసుకెళ్ళారు. సీటు స్టాండుకి నట్లు విప్పారు. నూకరాజు గారు లేవకూడదు కనక, ఎనిమిది మంది గుమాస్తాలు తలో పక్కా పట్టుకుని సీటుతో సహా ఆయన్ని పైకెత్తారు. ముందు రోజే వినాయకుణ్ణి మోసిన చేతులు కావడంతో ఒకరిద్దరు అలవాటుగా జై అన్నారు. ఆయన గాలిలో ఉండగా మస్తాన్ కింద దూరి నట్లు బిగించాడు.

"కదలకండి బాబాయ్, వేలు నలుగుద్ది!"

"నేనెప్పుడు కదిలానయ్యా?" అన్నారు నూకరాజు గారు.

దారి మా వీధి మీదుగానే కనక బండి మా ఇంటి ముందు ఆగింది. మూడోసారి చేసిన సున్నుండలతో సంచి సిద్ధంగా ఉంది. నూకరాజు గారికీ ఒక పొట్లం కట్టాను. తూచలేదు. ఇంగువ కూడా పెట్టాను.

"ఇంగువెందుకండి?"

"మీరు వాణ్ణి అడక్కండి, నన్నడక్కండి. ఉంచండి. మీకు ఇంటి దగ్గర చెప్పి వెళ్ళాల్సినవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆయన పొట్లం ఒళ్ళో పెట్టుకున్నారు. "లేరండి. ఎవరైనా వెళ్ళొస్తానని నాతో చెప్పడమే గానీ, నేనెవరికీ చెప్పలేదండి. నేనెక్కడికీ ఎళ్ళలేదు కదండి."

"అయితే నాకు చెప్పండి."

ఆయన సిగ్గుపడ్డారు. బండి స్టార్టు చేశారు. సరిగ్గా అప్పుడు నాకు తుమ్ము వచ్చింది. తెచ్చిపెట్టుకున్నది కాదు, నిజమైన తుమ్ము. ఒంటి తుమ్ము.

"ఆగండి!" అన్నాను. "ఒక్క నిమిషం కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

భీమశంకరం గబుక్కున దిగి అరుగు మీద కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, మళ్ళీ ఎక్కాడు. నా తమ్ముడు నాకు తెలుసు.

"మీరు కూడా బాబూ."

"నేను కూర్చునే ఉన్నానండి" అన్నారు నూకరాజు గారు.

కూర్చున్నవాణ్ణి కూర్చోమని ఎలా చెప్పను? నీళ్ళ గ్లాసు లోపలినుంచి తెచ్చేలోపల బండి వీధి మలుపు దాటింది.

భీమశంకరం దీపావళికి వచ్చాడు. సంచితో, నడుచుకుంటూ. నేను ముందు వాణ్ణి తడిమి చూశాను, తర్వాత సంచి తడిమాను. ఇంగువ అలాగే ఉంది.

"బండేదిరా?"

"నాగపూరు దాకా బానే వెళ్ళామక్కయ్యా. వెనక సీటు మీద నా ప్రాణం పోయిందనుకో, అది వేరే. నాగపూరు దాటాక ఒక హోటలు దగ్గర ఆపాం. నేను దిగి టీ చెప్పాను. ఆయన దిగడు కదా, సీటు మీదే తెచ్చిచ్చాను. తాగాడు. గ్లాసు ఇచ్చి రమ్మన్నాడు. ఇచ్చి వెనక్కి తిరిగేసరికి బండి బయలుదేరుతోంది. నూకరాజు గారూ నూకరాజు గారూ అని పరిగెత్తాను. చెయ్యి ఊపాడే. టాటా చెప్పినట్టు ఊపాడు."

"మరి నువ్వేం చేశావు?"

"నా బండి కదే! వెతుక్కుంటూ వెళ్ళాను. రైలెక్కాను. ఢిల్లీనుంచి బస్సు. ఆ బస్సు ఆగిపోతే లారీ. లారీ తర్వాత ఇంకో బస్సు, దాంట్లో సీట్లు లేవు, బియ్యం బస్తా మీద కూర్చున్నాను. కొండ మలుపు తిరిగిన ప్రతిచోటా అడిగాను. ఒక చోట టీ కొట్టువాడు చెప్పాడు, బండి దిగకుండా టీ తాగి వెళ్ళినాయన ఉన్నాడని. ఆ పైన ఇంకో చోట చెప్పారు. అలా అడుగుతూ అడుగుతూ కనుమ మీదికి వెళ్ళిపోయానే." వాడి గొంతు తగ్గింది. "ఎంత తెలుపో అక్కయ్యా. ఎండ పడితే చూడలేం. ఎక్కడా చప్పుడు లేదు. అక్కడ నిలబడి, ఎక్కడికండీ అని నన్ను నేనే అడిగాను. ఇక్కడికేనండీ అనుకున్నాను."

"బియ్యం బస్తా మీద అంత దూరమా? మరి నీ మొలలు?"

వాడు నెమ్మదిగా నవ్వాడు. "ఇప్పుడు నువ్వడిగితే గుర్తొచ్చాయి."

సంచి అడుగునుంచి ఎండు ఆప్రికాట్లు తీసి నా ఒళ్ళో పోశాడు. వాటిని కట్టిన కాయితం మీద ఏదో లిపి ఉంది. నాకు చదవడం రాలేదు. అయినా రెండువైపులా చూశాను.

నూకరాజు గారి సంగతి చెప్పడానికి ఇద్దరం కార్యాలయానికి వెళ్ళాం. సౌఖ్యాధికారి నిలబడే విన్నారు. విచారిస్తారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే ఇప్పటికీ లేవాలనే కోరిక వ్యక్తపరచలేదన్నమాట!"

"అయ్యా, మనిషి కనపట్టం లేదండి" అన్నాను.

"మాతా, ఆయన విధుల్లో ఉన్నారు. పరీక్ష జయప్రదంగా కొనసాగుతోంది. ఈ ఏడు ఉత్తమ ఉద్యోగిగా ఆయన పేరు సిఫారసు చేస్తున్నాం." తమ్ముడి వైపు తిరిగారు. "మీ ఆసనం మండలి చరిత్రలో ఫెయిలవని ఏకైక ఆసనం. అభినందనలు. పరీక్షకులు తిరిగి రాగానే ఫెయిలవుతుంది."

కొత్త పరీక్షకుణ్ణి వేసుకుందామంటే రాష్ట్రంలో ఆ కొలత మనిషి ఇంకొకరు లేరు. అందుకని మిగతా దరఖాస్తులన్నీ ఆగిపోయాయి. జనం ఎప్పటిలాగే ఎవరి సీట్ల మీద వాళ్ళు, నొప్పి పుడితే ఆగుతూ, వెళ్ళొస్తున్నారు. సౌఖ్యాధికారి గారికి బదిలీ అయింది. వెళ్ళేముందు ఆయన ఆ కుర్చీ మీది ఫైళ్ళు తీసి, తలుపు వేసుకుని, కాసేపు కూర్చున్నారని కాపలావాడు చెప్పాడు. లేచేటప్పుడు ఆయన మొహం చూడలేదట.

భీమశంకరానికి మోకాళ్ళు మార్చారు. ఇప్పుడు ఇంట్లోనే తిరుగుతున్నాడు. నేను తుమ్మినా పట్టించుకోడు. కూరలకి వెళ్తాడు, వస్తాడు.

మా అమ్మ కుట్టించిన తలగడ పోయింది. మా ఆయన గొడుగు ఇంకా తలుపు వెనకే ఉంది. దాని పక్కన ఆ రోజు నూకరాజు గారి కోసం తెచ్చిన మంచినీళ్ళ గ్లాసు బోర్లించి పెట్టాను. ఆయన వెళ్ళొస్తానని నాతో చెప్పలేదు.

యాళ్ళ నూకరాజు గారు నిమజ్జనం మర్నాడు, గురువారం పొద్దున్న మా వీధి మలుపు దాటారు. తిరిగి రాలేదు.